మిషన్ కంటికి పెట్టిన బొట్టు

నా రాతలో ఒత్తులు తప్పుతాయి. పొట్టలో చుక్క పెట్టాల్సిన అక్షరానికి పెట్టను, అక్కర్లేని దానికి పెడతాను. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. అక్షరాలు నేర్చుకున్నదే యాభై దాటాక. చదివే కార్మికులూ విద్యార్థులూ ఓర్చుకోండి, తప్పులు దిద్దుకుని చదవండి. జరిగినదాంట్లో మాత్రం దిద్దాల్సింది ఏమీ లేదు.

అనకాపల్లి ఊరు దాటాక చోడవరం రోడ్డు మీద ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. యజమాని పేరు వెంకటరమణ. రెండువేల ఏడులో నేను అక్కడ గ్రేడింగులో పని చేసేదాన్ని. సాయంత్రం పని దిగాక ఆడవాళ్ళందరం గేటు దగ్గర వరసలో నిలబడాలి. కొంగు దులపాలి, కుచ్చిళ్ళు దులపాలి, ఆ తర్వాత నోరు తెరవాలి. సూపర్‌వైజర్ నూకరాజు టార్చిలైటు వేసి నోట్లోకి చూసేవాడు, బుగ్గలో పప్పు దాచుకున్నామేమో అని. అనుమానం వస్తే వేలు పెట్టి తిప్పేవాడు. ముందు మనిషి నోట్లో పెట్టిన వేలే, కడగకుండా తర్వాతి మనిషి నోట్లో పెట్టేవాడు.

ఒక రోజు నా ముందు నీలవేణి ఉంది. పదో తరగతి దాకా చదువుకున్న పిల్ల, అప్పుడు కడుపుతో ఉంది. వాడు వేలు పెట్టగానే వాడి చొక్కా మీదే వాంతి చేసుకుంది. నూకరాజు ఆ పిల్ల కొంగు గుంజి, దానితోనే తన చొక్కా తుడిపించుకున్నాడు. వరసలో అందరం చూస్తూ నిలబడ్డాం. వెంకటరమణ కారు ఎక్కబోతూ ఆగి, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, "ఇంకెన్నాళ్ళో పడవులే ఈ పాట్లు, నూకరాజూ. నోరు లేని పనివాణ్ణి తెప్పిస్తున్నాను" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. నా వెనకాల ఉన్న తలుపులమ్మ గొంతు తగ్గించి, "మూగోణ్ణి తెత్తన్నాడు కాబోలు. పాపం ఆడి నోట్లోకి టార్చి ఎలగేత్తాడో" అంది. నవ్వొచ్చింది. ఆ నవ్వు బయటపడితే మళ్ళీ మర్నాడు వరస చివర నిలబెడతారని కొంగు నోట్లో కుక్కుకున్నాం.

ఆ ఫ్యాక్టరీలో మనుషులు రెండు రకాలు. కటింగు షెడ్డులో ఉడికిన జీడి పిక్కల్ని కత్తి కింద పెట్టి, కాలితో మీట తొక్కి పగలగొట్టాలి. పెంకులోంచి కారే జీడి సొన చేతుల్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకున్నా ఆముదం రాసుకున్నా వేళ్ళు నల్లబడి తోలు ఊడిపోతుంది. గ్రేడింగు గదిలో మాత్రం ట్యూబులైట్లు, ఫ్యాన్లు. పొట్టు తీసిన పప్పు మా బల్లల మీదకు వస్తుంది. విరగని తెల్లటి గుండ్లు ఒక ట్రేలోకి, మాడినవి ఇంకో దానిలోకి, బద్దలూ ముక్కలూ వేరే. మా చేతులు శుభ్రంగా ఉండాలి కాబట్టి కటింగు వాళ్ళని మా గది గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ మంచినీళ్ళ కుండ వేరు, మాది వేరు. ఆ కుండలు వేరుగా పెట్టించింది వెంకటరమణ. పాతికేళ్ళు అలాగే నిలబెట్టింది మేము.

నూకరాజు చొక్కా సంగతి జరిగిన కొన్నాళ్ళకి వెంకటరమణ గ్రేడింగు వాళ్ళందరినీ కూర్చోబెట్టి లడ్డూలు పంచాడు. మీ కళ్ళు బంగారం అన్నాడు. మీరు ఏరిన పప్పుకి బొంబాయిలో పేరుంది అన్నాడు. ఇక నుంచి ఒక్కొక్కరూ తమ చేత్తో ఏరిన ట్రేలు విడిగా, పేరు పేరునా ఆఫీసు గదికి పంపాలనీ, అందరికంటే శుభ్రంగా ఏరినవాళ్ళకి చీర పెడతాననీ చెప్పాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. పొగడ్త అంటే ఏమిటో అంతకుముందు ఎరగం. పోటీలు పడి ఏరాం. కళ్ళు మండేదాకా ఏరాం. అనుమానంగా ఉన్న ప్రతి పప్పునీ దీపానికి ఎత్తి చూసి మరీ వేశాం. చీర తలుపులమ్మకి వచ్చింది, పసుపు రంగుది. ఆ లడ్డూ జిడ్డు ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నాకే అసహ్యం వేస్తుంది.

తర్వాత మిషన్ వచ్చింది. దానితో కోయంబత్తూరు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. బీరువా అంత ఇనప పెట్టె. పైన పోసిన పప్పు ఒక జారుడు రేకు మీద వరసగా జారుతుంది. దారిలో అద్దం, అద్దం వెనకాల వెలిగే కెమెరా కన్ను. ఆ కన్ను ప్రతి పప్పునీ చూస్తుంది, మాడినది కనబడితే టప్పున గాలి ఊది పక్క డబ్బాలోకి తోసేస్తుంది. మేము పంపిన ట్రేలన్నీ ఇంజనీరు ఒకటొకటిగా ఆ కంటికి చూపించాడు. ఇది తెలుపు, ఇది మాడు, ఇది బద్ద అని కంప్యూటర్‌కి చెప్పుకుంటూ పోయాడు. మమ్మల్ని పిలిచి చూపించాడు కూడా, గొప్పగా. "దీనికి టీచర్లు మీరే అమ్మా" అన్నాడు.

నీలవేణి అడిగింది, "నేర్సేసుకున్నాక టీచర్లని ఏటి సేత్తారు సార్?"

ఇంజనీరు మంచి ప్రశ్న వేసిన పిల్లని చూసినట్టు నవ్వాడు. "ఏం చేస్తారు, ఇంటికి పంపిస్తారు" అన్నాడు. అందులో దాచుకోవాల్సింది ఏదైనా ఉందని అతనికి తోచలేదు.

మిషన్ బాగానే ఏరింది. ఆ మాట దాచను. తెల్లవారి నుంచి సాయంత్రం దాకా మేమందరం ఏరే సరుకు అది పొద్దున టీ తాగే వేళకి ఏరేసింది. కొసన కాస్త ఎరుపు తిరిగిన గుండుని నేను తెల్లవాటిలోనే వేసేదాన్ని, మిగతావాళ్ళు తీసేసేవాళ్ళు. మిషన్ కూడా అలాంటివి కొన్ని తెల్లవాటిలోకి వదిలింది. నా వేలికి ఉన్న అలవాటు ఆ పెట్టెలో కనబడింది. ఎవరో నా చీర కట్టుకుని, నా నడక నడుస్తూ నా ముందు పోతున్నట్టు ఒళ్ళంతా కంపరమెత్తింది.

మమ్మల్ని వెంటనే తీసెయ్యలేదు. పాతికేళ్ళుగా ఉన్న మనుషుల్ని ఊరికే తీసేస్తే లేబరు ఆఫీసుదాకా పోతుంది. సాకు కావాలి. ఆ సాకు మా చేతులతోనే ఇచ్చాం.

దసరాకి ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. ఏ పని చేసే మనిషి ఆ పనిముట్టుకి పసుపు రాసి బొట్టు పెట్టాలి. బాయిలర్ మనిషి బాయిలర్‌కి, కటింగు వాళ్ళు కత్తులకి, తూకం మనిషి కాటాకి. గ్రేడింగు వాళ్ళకి కళ్ళూ వేళ్ళూ తప్ప పనిముట్టు లేదు కాబట్టి మా వాళ్ళు ఏటా బల్లలకి పెట్టేవాళ్ళు. ఆ ఏడు బల్లలు తీసి షెడ్డు బయట పారేశారు, వానకి నానుతున్నాయి. పంతులుగారు వచ్చి గేటు దగ్గర కొబ్బరికాయ కొట్టారు. వెంకటరమణ ఫొటో దిగి భోజనానికి పోయాడు. మావాళ్ళు పసుపు పళ్ళెం పట్టుకుని దేనికి పెట్టాలో తెలియక నిలబడ్డారు.

తలుపులమ్మ పసుపు చీర కట్టుకొచ్చింది. "మన బల్ల మీద ఎక్కి కూకున్నది ఇదే కదా. మనకాడ నేర్సుకున్న గుంటపిల్లే కదా. దీనికే బొట్టెడదాం" అంది.

ఎక్కడ పెట్టాలని ఇంకొక వాదన. బొట్టుకి నుదురు కావాలి. మిషన్‌కి నుదురేది? ముందువైపు మూత తెరిస్తే లోపల అద్దం, దాని వెనక కన్ను. కన్ను ఉన్నచోటే మొహం అని తేల్చుకున్నారు. తలుపులమ్మ ఆ అద్దానికి పసుపు ముద్ద మందంగా పట్టించి, దాని మీద కుంకం బొట్లు దిద్ది, చేతులు జోడించింది. "అమ్మా, నీకు పని నేర్పిన తల్లులం. మా పొట్ట కొట్టకు" అంది. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి పెట్టారు. ఎవరి మనసులోనూ వేరే ఉద్దేశం లేదు. నిజంగానే మొక్కుకున్నారు, కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

నేను స్తంభం వెనకాల నిలబడి చూశాను. నా పెనిమిటి చెరుకు బండి బోల్తా పడి చచ్చిపోయిన ఏటి నుంచి పూజ దగ్గరకి నన్ను రానివ్వరు. పళ్ళెం నా దాకా రాదు.

పండగ అయ్యాక మిషన్ వేశారు. పసుపు అద్దంలోంచి చూసిన కంటికి ప్రతి పప్పూ పచ్చగానే కనబడింది. బొంబాయి పోవాల్సిన తెల్లటి గుండ్లన్నిటినీ మాడినవనుకుని ఊదేసింది. నూకరాజు చూసుకునేసరికి సరుకంతా కలిసిపోయింది. వెంకటరమణ వచ్చి మూత తెరిచాడు. పసుపు చూశాడు. తిడతాడనుకున్నాం. అతను నవ్వాడు. కాలువలో తేలే నూనెలా ఆ నవ్వు మొహమంతా పాకింది. అప్పటికప్పుడు పోలీసులకి ఫోన్ చేసి, కుట్ర అన్నాడు, మిషన్ విధ్వంసం అన్నాడు. జీపు వచ్చింది. ఎవరు చేశారని ఎస్సై అడిగితే తలుపులమ్మ దాచాల్సిన పని అనుకోలేదు. "ముందర నానే ఎట్టేను బాబూ. బాబుగారిచ్చిన సీరే కట్టుకుని ఎట్టేను" అంది. ఆ చీర కొంగు పట్టుకునే జీపులోకి లాగారు.

గ్రేడింగు విభాగం మూసేశామనీ, కుట్ర చేసిన వాళ్ళెవరికీ పని లేదనీ ఆ పూటే గేటు మీద అంటించారు. చదివి చెప్పింది నీలవేణి.

మర్నాడు బెల్లం మార్కెట్ వెనక హమాలీల యూనియన్ షెడ్డులో కూర్చున్నాం. సెక్రటరీ పైడిరాజు బెల్లం దిమ్మలు మోసి మోసి మెడ వంగిపోయిన మనిషి. మేము నోరు విప్పకముందే నూకరాజు వచ్చాడు, వెంకటరమణ కబురు పట్టుకుని. తలుపులమ్మ ఒక్కతే చేసింది, యూనియన్ వాళ్ళు నేర్పితే చేసింది అని స్టేషన్లో చెప్పినవాళ్ళకి ప్యాకింగులో పని ఇస్తారట. నలుగురికి చోటుంది అన్నాడు. చెప్పేసి, గుమ్మం బయట గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఎవరు ముందు లేస్తారో చూద్దామని.

ఎవరూ లేవలేదు. కానీ ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు కూడా. అందరికీ ఇంటి దగ్గర ఖాళీ కుండలున్నాయి. తలుపులమ్మే కదా మూత తెరిచింది అని ఒక గొంతు సణిగింది. పైడిరాజు, ముందు తెలియక చేశామని తప్పు ఒప్పుకుందాం, ఆమెను బయటికి తెచ్చుకుందాం, ఆ తర్వాత పోరాడదాం అన్నాడు. మంచిమాటే చెప్పాననుకున్నాడు.

నీలవేణి ఒప్పుకోలేదు. "తప్పని మనమే అనేత్తే ఇంక తర్వాతేటుంటాది పైడిరాజు బావా? ఆడు మనకాడ పని దొంగిలించేడు, దానికి కేసు నేదు. మనం దసరాకి బొట్టెట్టేం, దానికి కేసు. తప్పెవుడు ఒప్పుకోవాల?"

అంతలో వెనక నుంచి నవ్వు వినిపించింది. కటింగు వాళ్ళు వచ్చారు. ముందు బంగారుతల్లి ఉంది. ఆమె చేతులు మోచేతుల దాకా నలుపు. షెడ్డు మూలనున్న కుండలో నీళ్ళు ముంచి, గ్లాసు మా మధ్యకి చాపింది. "ఏటమ్మా తెల్ల సేతులోళ్ళు, మా ఎంగిలి పనికొత్తాదేటి ఇప్పుడు?" అంది.

నీలవేణి లేచి ఆ గ్లాసు అందుకుని తాగింది. నాకు ఇచ్చింది. నేనూ తాగాను. గ్లాసు అందరి చేతులూ తిరిగింది. బంగారుతల్లి అది చూస్తూ చెప్పింది. ఇంజనీరు పోయేముందు కటింగు షెడ్డు పొడవూ వెడల్పూ టేపు పెట్టి కొలిచాడట. పిక్క కోసే మిషన్ కూడా ఉందట.

"మీ కళ్ళయిపోయేయి. రేపు మా సేతులు. అందుకే వచ్చేం, మీ మీద పేమకి కాదు" అంది. ఖాళీ గ్లాసు కుండ మీద బోర్లించి, ఆమే మళ్ళీ, "ఒక్క తలుపులమ్మని ఆడికిచ్చేత్తే, రేపు నన్ను ఇచ్చెయ్యడానికి మీరెవురూ జంకరు" అంది.

చాలాసేపు గొడవపడ్డాం. తిట్టుకున్నాం. చివరికి ఒక మాట మీదకి వచ్చాం. స్టేషన్‌కి అందరం పోవాలి. అందరం మేమే పెట్టామని చెప్పాలి. తలుపులమ్మ మీద కేసు కడితే అందరి మీదా కట్టాలి. పైడిరాజు తల గోక్కుని, సరే పదండి అన్నాడు. బయట నూకరాజు అప్పటికే లేడు.

బంగారుతల్లి పసుపూ కుంకం తెప్పించి, పసుపు పళ్ళెంలో కలిపింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ రెండు చేతులకీ రాసుకున్నారు. తెల్ల చేతులూ నల్ల చేతులూ అన్నీ పచ్చబడ్డాయి. పళ్ళెం నా పక్క మనిషి దాకా వచ్చి, నన్ను దాటి అవతలి మనిషికి పోయింది. ఎవరూ కావాలని చెయ్యలేదు. చేతుల అలవాటు.

మేము పోయేసరికి స్టేషన్ ఆవరణలో వెంకటరమణ కారు ఉంది. జీపుకి దసరా బంతిపూల దండ ఇంకా వేలాడుతోంది, బానెట్ మీద పోలీసులు పెట్టుకున్న బొట్టు అలాగే ఉంది. ఎస్సై మెట్ల మీదకి వచ్చి ఏమిటీ సంత అన్నాడు. నీలవేణి ముందుకి పోయి పసుపు చేతులు చూపించింది. "నానెట్టేను సార్." ఆమె వెనక ఇంకొకామె. తర్వాత బంగారుతల్లి, ఆమె వెనక కటింగు వాళ్ళందరూ. ఎస్సై మొదట నవ్వాడు, తర్వాత లాఠీ తీశాడు. కొందరికి తగిలాయి. వరస మాత్రం విరగలేదు.

అప్పుడు వెంకటరమణ లోపలి నుంచి వచ్చి నన్ను వేలు పెట్టి చూపించాడు. "ఆవిడ పెట్టలేదు. విధవ మనిషి, పూజకి రాదు. ఏటా ఆ స్తంభం వెనకాలే నిలబడుతుంది, అంతా చూసే ఉంటుంది. ఆవిడ సాక్ష్యం చాలు మనకి."

ఎస్సై నా బోసి నుదురు కేసి చూశాడు. నా చేతులు చూశాడు. ఆ గుంపులో పసుపు లేని చేతులు నావే. "నీ మొహానికే లేదు, మిషన్‌కేం పెడతావులే. రా ఇలా. చూసింది చూసినట్టు చెప్పి ఇంటికి పో. నీకేం భయం లేదు" అన్నాడు.

వెంకటరమణ నాకేసి మర్యాదగా తలూపాడు. లడ్డూలు పంచిన రోజు ఊపినట్టే. లాకప్ ఊచల వెనక తలుపులమ్మ నిలబడి ఉంది, చీర చిరిగిపోయి. ఆమె నన్ను అడగలేదు, బతిమాలలేదు. నీలవేణీ మిగతావాళ్ళూ నాకేసి చూశారు. భర్త పోయిన నాటి నుంచి నన్ను అశుభమని తోసేసిన లోకం ఇదే. ఇప్పుడు అదే నన్ను పవిత్రమైనదాన్ని చేసి, నా నోటితో నా తోటి మనిషిని జైలుకి పంపమంటోంది.

నేను బంగారుతల్లి దగ్గరకి పోయి చెయ్యి చాపాను. "ఇయ్యి" అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత కొంగుముడి విప్పి, పొట్లంలో మిగిలిన పసుపూ కుంకం అంతా నా అరచేతిలో పోసింది. జీపు దగ్గరకి నడిచాను. ఆ దండ పక్కకి తోసి, దీపం అద్దానికి పసుపు మెత్తాను, మధ్యలో బొట్టు పెట్టాను. రెండో దీపానికీ పెట్టాను. అన్నేళ్ళ తర్వాత కుంకం ముట్టుకున్నాను.

"ఇలగే ఎట్టేను బాబూ" అన్నాను. "సూసేరు కదా. ఇప్పుడు రాసుకోండి సాచ్చికం. ముండమోపి ఎట్టిందని కూడా రాయండి."

కానిస్టేబులు ఒకడు అయ్యో అపచారం అంటూ తుడవడానికి గుడ్డ వెతుక్కున్నాడు. ఎస్సై నా జుట్టు పట్టుకున్నాడు. అంతలో బంగారుతల్లి వచ్చి జీపు తలుపుకి పసుపు చెయ్యి కొట్టింది. నీలవేణి అద్దానికి కొట్టింది. ఆ తర్వాత ఎవరు ఎక్కడ కొట్టారో నేను చూడలేదు, నన్ను ఈడ్చుకుపోతున్నారు, మెట్టు తగిలి నుదురు చిట్లింది. తలుపులమ్మ ఊచల్లోంచి చెయ్యి చాపి నా నుదుటి మీద రక్తం తుడిచింది. "నువ్వూ వచ్చేసేవేటే అప్పా" అంది. లాకప్ చాలలేదు. మమ్మల్ని లారీలో ఎక్కించారు. లారీ ముందు హమాలీలు బెల్లం దిమ్మల బళ్ళు అడ్డం పెట్టి కూర్చున్నారు. పైడిరాజు అందరికంటే ముందు కూర్చున్నాడు.

మర్నాడు కటింగు షెడ్డులో బాయిలర్ వెలగలేదు. పొట్టు తీసేవాళ్ళు రాలేదు. వెంకటరమణ ఇద్దరు మనుషుల్ని పెట్టి అద్దం కడిగించి మిషన్ వేయించాడట. గాలి టప్పు టప్పుమని ఊదుతూనే ఉందట, జారుడు రేకు మీద మాత్రం ఏమీ జారలేదట. మేము నేర్పిన కంటికి చూడడానికి ఒక్క పప్పు లేదు.

గెలిచామని చెప్పను. బెయిలు మీద బయటికి వచ్చాం, కేసు ఇంకా నడుస్తోంది. గ్రేడింగుకి మమ్మల్ని తిరిగి తీసుకోలేదు. పిక్క కోసే మిషన్ ఈ ఏడు లారీలో వచ్చింది. గేటు ముందు కటింగు వాళ్ళూ, మేమూ, హమాలీలూ, కాలేజీ పిల్లలూ అడ్డం పడుకున్నాం. ఇది రాస్తున్న నాటికి ఆ లారీ చోడవరం రోడ్డు మీదే నిలబడి ఉంది, గేటు దాటలేదు.

మళ్ళ చిన్నమ్మలు, యాభై మూడేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది బుచ్చయ్యపేటలో, చెల్లెలి ఇంట్లో. పగలంతా గేటు దగ్గరే ఉంటాను.